నడిగూడెం నుండి పాఠకుని దాకా: విజ్ఞానచంద్రికా గ్రంథమండలి పుస్తక సరఫరా వ్యవస్థ

వ్యాస సంగ్రహం:
విజ్ఞానచంద్రికా గ్రంథమండలి చరిత్రను సాధారణంగా రచయితల, పోషకుల చరిత్రగానే చదువుతున్నాం. పెట్టుబడి, రచన, ముద్రణ, పంపిణీ అనే దశలను కలిపిన సరఫరా గొలుసుగా దానిని పరిశీలించడం ఈ వ్యాస లక్ష్యం.

కీలక పదాలు: నడిగూడెం, మునగాల సంస్థానం, కొమర్రాజు, చందాదారులు, పంపిణీ.

1. ఉపోద్ఘాతం
నడిగూడెం మునగాల జమీందారుల నివాసస్థానం. నిజాం రాజ్యం చుట్టూ ఉన్నా, ఈ పరగణా మద్రాసు రాష్ట్రంలోని కృష్ణా జిల్లాకు చెందింది. జమీందారు నాయని వెంకట రంగారావు విద్యాపోషకుడు. ఆయన దివాను కొమర్రాజు లక్ష్మణరావు (1877-1923). హైదరాబాదులో 1901లో వెలసిన శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయానికీ, 1906లో ఏర్పడిన మండలికీ వీరి తోడ్పాటు లభించింది.

2. గొలుసులోని దశలు
మొదటి దశ పెట్టుబడి. సంస్థాన పోషణ ప్రారంభానికి ఊతమిచ్చింది. కానీ దానమొక్కటే గ్రంథమాలను నడపలేదు. చందాదారులను ముందుగా చేర్చుకొని, వారికి తక్కువ ధరకు పుస్తకాలందించే పద్ధతిని మండలి అనుసరించింది. ఎన్ని ప్రతులు అచ్చువేయాలో ఈ పద్ధతి వల్ల ముందే అంచనాకు వచ్చేది. అమ్ముడుపోని ప్రతుల భారం తగ్గేది.

రెండవ దశ రచన. గాడిచర్ల హరిసర్వోత్తమరావు 'అబ్రహాము లింకను చరిత్రము' (1907), చిలుకూరి వీరభద్రరావు 'ఆంధ్రుల చరిత్రము' (1910) ఈ మాలలో వెలువడ్డాయి. చరిత్రతోపాటు శాస్త్ర గ్రంథాలకూ స్థానం లభించింది. ఏ పుస్తకానికి ఆ పుస్తకంగా కాక, మాలగా ప్రకటించడం వల్ల తర్వాతి గ్రంథంపై పాఠకునిలో నిరీక్షణ ఏర్పడింది.

మూడవ దశ ముద్రణ, పంపిణీ. 1908లో మండలి మద్రాసుకు తరలింది. తెలుగు ముద్రణకు ప్రధాన కేంద్రం అదే. పోషణ నడిగూడెంలో, ముద్రణ మద్రాసులో, పాఠకులు ఆంధ్ర జిల్లాల్లోనూ నిజాం రాజ్యంలోనూ ఉన్నారు. వీటిని కలిపిన సమన్వయమే మండలి అసలు బలం.

3. బలహీన కొస
ఆ సమన్వయం చాలావరకు ఒక్క వ్యక్తిపై ఆధారపడింది. లక్ష్మణరావు చేపట్టిన 'ఆంధ్ర విజ్ఞాన సర్వస్వము' మూడు సంపుటాల తర్వాత, ఆయన మరణంతో ఆగింది. 'అ'కారమైనా దాటలేదు. తర్వాత కాశీనాథుని నాగేశ్వరరావు ఆ పనిని తిరిగి చేపట్టవలసివచ్చింది. పోషకులూ పాఠకులూ ఉన్నప్పటికీ, సంపాదకత్వమనే నడిమి కొలికి తెగితే గొలుసు నిలవదని ఇది నిరూపిస్తుంది.

4. ముగింపు
కనుక విజ్ఞానచంద్రిక చరిత్ర రాసేటప్పుడు, ఎవరు రాశారన్న ప్రశ్నతోపాటు ఆ రాత పాఠకునికి ఎలా చేరిందన్న ప్రశ్ననూ వేసుకోవాలి. చందాదారుల పట్టికలు, లెక్కల పుస్తకాలు, ప్రకటనలు సాహిత్యచరిత్రకు ఆధారాలుగా గుర్తింపు పొందాలి. అప్పుడే నడిగూడెం పోషకుల ఊరుగానే కాక, ఆధునిక తెలుగు గ్రంథ వ్యవస్థ మొదలైన తావులలో ఒకటిగా కనిపిస్తుంది.