‘కాల్ ఆఫ్ ద వ్యాలీ’: రికార్డు నిడివిలో రాగసమయం

1967 నాటి ‘కాల్ ఆఫ్ ద వ్యాలీ’ ప్రస్తావనలో శివకుమార్ శర్మ సంతూర్, హరిప్రసాద్ చౌరసియా వేణువు, బ్రిజ్‌భూషణ్ కాబ్రా గిటార్ తప్పక గుర్తుకువస్తాయి. తబలా వాయించిన మాణిక్‌రావు పోపట్కర్‌నూ, హెచ్.ఎం.వి. పక్షాన దీనిని రూపొందించిన జి.ఎన్. జోషినీ తలచేవారు తక్కువ. ఈ ఆల్బం చరిత్రను జోషితోనే మొదలుపెట్టడం సమంజసం.

78 ఆర్.పి.ఎం. రికార్డులో ఒక్కో వైపు సుమారు 3 నిమిషాల సంగీతమే పట్టేది. ఎల్.పి. ఆ నిడివిని 20 నిమిషాలకు పైగా పెంచినా, కచేరీలో గంటసేపు విస్తరించే రాగానికి అదీ ఇరుకే. ఇందులో ఒకే రాగాన్ని కుదించే ప్రయత్నం లేదు. కాశ్మీరు గొర్రెల కాపరి ఒక దినచర్యను రాగసమయ సిద్ధాంతం మీద అల్లారు. వేకువకు అహీర్‌భైరవ్, ఆపై నట్‌భైరవ్, పీలూ. సాయంసంధ్యకు భూప్, రాత్రికి దేశ్. చివర పహాడీ నిలవడానికి మాత్రం సమయనియమం కన్నా కథాస్థలమే కారణమనిపిస్తుంది.

సంతూర్ అప్పటికింకా సందేహాస్పద వాద్యమే. కాశ్మీరు సూఫియానా సంగీతానికి చెందిన ఈ వాద్యాన్ని శర్మ 1955లో బొంబాయి వేదికపై వినిపించినప్పుడు, పుల్లలతో మీటే తంత్రులపై మీండ్ పలకదని పండితులు ఆక్షేపించారు. ఈ ఆల్బంలో ఆ జారుస్వరాలను వేణువు, ఒడిలో పెట్టుకొని వాయించే కాబ్రా గిటార్ వహించాయి. విడివిడి బిందువులుగా రాలే సంతూర్ నాదం లోపంగా కాక, ఆ లోయకు సహజధ్వనిగా వినిపించింది.