బైబిళ్ల షాపులో పాటల అర

అమెరికాలో క్రైస్తవ ఆల్బమ్‌ల వ్యాపారానికి పుట్టిల్లు బైబిళ్ల షాపు. రెండో ప్రపంచ యుద్ధం ముగిశాక నగరాల శివార్లలో కొత్త కాలనీలు వెలిశాయి. వాటితో పాటే ఈ షాపులూ పెరిగాయి. బైబిళ్లు, ఆదివారపు బడి పాఠాలు, గోడకు తగిలించే వాక్యాల పటాలు, బాప్తిస్మానికీ పెళ్లికీ ఇచ్చే బహుమతులు అక్కడి సరుకు. 1950లో షాపుల యజమానులు కలిసి క్రిస్టియన్ బుక్‌సెల్లర్స్ అసోసియేషన్ అనే సంఘం పెట్టుకున్నారు. ఏటా జరిగే దాని మహాసభకు ప్రచురణకర్తలు కొత్త సరుకు తెచ్చి చూపించి ఆర్డర్లు రాయించుకునేవారు. పాటల రికార్డులూ అదే దారిలో ఈ షాపులకు చేరాయి. ఆ తర్వాత దాదాపు అర్ధశతాబ్దం పాటు క్రైస్తవ గాయకుడు ఏ మాట పాడవచ్చు, అట్ట మీద ఎలా కనిపించవచ్చు అన్నది చాలావరకు ఆ షాపు కౌంటర్ దగ్గరే తేలింది.

ఈ రంగాన్ని దశాబ్దాల పాటు ఏలిన వర్డ్ కంపెనీ మొదటి రికార్డులో పాటే లేదు. టెక్సస్ రాష్ట్రం వేకోలోని బేలర్ విశ్వవిద్యాలయ విద్యార్థి జారెల్ మెక్‌క్రాకెన్ రేడియోలో ఆటల వ్యాఖ్యానం చెప్పేవాడు. విశ్వాసానికీ దుష్టత్వానికీ మధ్య ఫుట్‌బాల్ మ్యాచ్ జరుగుతున్నట్టు, దాన్ని రేడియోలో వర్ణిస్తున్నట్టు అతను ఒక ప్రసంగం అల్లాడు. ఒక జట్టుకు కోచ్ యేసు, రెండో జట్టుకు సాతాను. విన్నవాళ్లు కాపీలు అడగడంతో దాన్ని రికార్డుగా అచ్చు వేయించాడు. ఆ కథలోని ఊహా రేడియో స్టేషన్ పేరు ‘వర్డ్’. 1951లో పెట్టిన కంపెనీకీ ఆ పేరే నిలిచింది. తర్వాత అది కీర్తనలు, గాయక బృందాల పాటలు తెచ్చి షాపులకు అందించింది. అప్పటి కొనుగోలుదారు చర్చి సంఘంలో పాడే పెద్దమనిషి, ఇంట్లో రికార్డు ప్లేయర్ ఉన్న తల్లి. పాటగాడికి అభిమానులంటూ ప్రత్యేకంగా ఒక గుంపు ఇంకా ఏర్పడలేదు.

ఆ గుంపు 1960ల చివర కాలిఫోర్నియా నుంచి వచ్చింది. జుట్టు పెంచుకుని, మత్తుమందులు చవిచూసి, దేశం తిరిగి విసిగిన హిప్పీ యువకులు వేల సంఖ్యలో క్రీస్తు వైపు తిరిగారు. కాస్టా మేసాలోని కాల్వరీ చాపెల్‌లో పాస్టర్ చక్ స్మిత్ వాళ్లను చెప్పుల్లేని కాళ్లతోనే లోపలికి రానిచ్చాడు. పసిఫిక్ తీరంలో గుంపులు గుంపులుగా బాప్తిస్మాలు జరిగాయి. 1971 జూన్‌లో టైమ్ పత్రిక ఈ ఉద్యమాన్ని ముఖచిత్రానికి ఎక్కించింది. వీళ్లకు వచ్చిన సంగీతం గిటార్, డ్రమ్స్. సాక్ష్యం చెప్పాలన్నా, ప్రార్థన చేయాలన్నా వాటితోనే. ఆ పాటలను రికార్డు చేయడానికి కాల్వరీ చాపెల్ 1971లో మరనాత మ్యూజిక్‌ను ప్రారంభించింది. అప్పట్లో ఈ పాటలకు జనం పెట్టుకున్న పేరు ‘జీసస్ మ్యూజిక్’. మరుసటి ఏడు జూన్‌లో డల్లాస్‌లో జరిగిన ఎక్స్‌ప్లో 72 యువజన సభల చివరి రోజు కచేరీకి లక్ష మందికి పైగా వచ్చారు. సువార్తికుడు బిల్లీ గ్రహమ్ ప్రసంగించిన ఆ వేదిక మీదే జానీ క్యాష్, లారీ నార్మన్, ఆండ్రే క్రౌచ్ పాడారు. ఇంత మంది పిల్లలు కొనడానికి సిద్ధంగా ఉన్నారన్న సంగతి వ్యాపారులకు అంతకంటే స్పష్టంగా ఎవరూ చెప్పలేరు.

కానీ షాపు తలుపు అంత తేలిగ్గా తెరుచుకోలేదు. లారీ నార్మన్ 1969లో క్యాపిటల్ కంపెనీకి చేసిన ‘అపాన్ దిస్ రాక్’ను క్రైస్తవ రాక్ సంగీతపు తొలి ఆల్బమ్‌లలో ఒకటిగా లెక్కిస్తారు. అతని పాటల్లో యుద్ధం, సుఖరోగం, జాతి వివక్ష, ఆకలి అన్నీ వినబడేవి. భుజాల దాకా వేలాడే తెల్లని జుట్టు చూసే చాలామంది షాపువాళ్లు అతని రికార్డులు పెట్టబోమన్నారు. బయటి కంపెనీలకేమో పాటల్లో యేసు మరీ ఎక్కువయ్యాడు. 1972లో లండన్‌లో రికార్డు చేసిన ‘ఓన్లీ విజిటింగ్ దిస్ ప్లానెట్’ ఆ సందిగ్ధంలోంచే పుట్టింది. దశాబ్దాల తర్వాత అమెరికా కాంగ్రెస్ గ్రంథాలయం దాన్ని జాతీయ రికార్డింగుల పట్టికలో చేర్చింది. ఈ రంగంలో అంతకు మించిన ప్రతిభ అరుదు. అలాంటి మనిషికి సొంత జనం షాపులోనే చోటు దక్కకపోవడం ఆ వ్యాపారం స్వభావాన్ని మొదట్లోనే బయటపెట్టింది.

మరో సంగతీ ఇక్కడే చెప్పాలి. ఈ షాపులు ప్రధానంగా తెల్లజాతి సువార్తిక కుటుంబాలవి. నల్లజాతి సంఘాల గాస్పెల్ సంగీతం అంతకుముందే ఎంతో ఎదిగింది. దానికి వేరే కంపెనీలు, వేరే రేడియోలు, వేరే దుకాణాలు ఉండేవి. లాస్ ఏంజెలస్‌కు చెందిన ఆండ్రే క్రౌచ్ లాంటి కొద్దిమంది రెండు వైపులా వినబడ్డారు. ‘క్రైస్తవ సంగీతం’ అన్న అర, ‘గాస్పెల్’ అన్న అర చాలాకాలం వేరుగానే ఉండిపోయాయి. ఒకే దేవుణ్ణి స్తుతించే పాటలను చర్మం రంగును బట్టి విడదీసిన ఈ పద్ధతిని వ్యాపార సౌలభ్యం పేరుతో సమర్థించడం కష్టం.

1972లో వర్డ్ కంపెనీ యువకుల కోసం ‘మిర్’ అనే ప్రత్యేక లేబుల్ పెట్టింది. మిర్ అంటే బోళం, తూర్పు జ్ఞానులు బేత్లెహేముకు తెచ్చిన కానుకల్లో ఒకటి. దాన్ని నడిపిన బిల్లీ రే హెర్న్ 1976లో బయటికొచ్చి స్పారో కంపెనీ స్థాపించాడు. 1978లో ఈ సంగీతానికంటూ సీసీఎం పత్రిక మొదలైంది. ‘సమకాలీన క్రైస్తవ సంగీతం’ అనే అర్థమిచ్చే ఇంగ్లిషు మాటల తొలి అక్షరాలే ఆ పేరు. కొన్నాళ్లకు రంగం మొత్తానికీ అదే పేరైంది. హెవీ మెటల్ అభిమానులకు 1985లో టెక్సస్ నుంచి ‘హెవెన్స్ మెటల్’ అనే చిన్న పత్రిక వచ్చింది.

పాట వినేది పదిహేనేళ్ల కుర్రాడు, డబ్బిచ్చేది తల్లి, ఏది వినాలో చెప్పేది సంఘంలోని యువజన పాస్టర్. చాలా యువజన కూటాల్లో పిల్లలు తమ దగ్గరున్న లోకసంబంధమైన రాక్ రికార్డులను విరగ్గొట్టడమో, మంటల్లో వేయడమో జరిగేది. ఖాళీ అయిన ఆ చోటును నింపడానికి షాపువాళ్లు గోడ మీద ఒక పట్టిక తగిలించేవారు. ఎడమ వైపు బయటి ప్రపంచపు బ్యాండ్ల పేర్లు, కుడి వైపు అదే తరహాలో పాడే క్రైస్తవ బ్యాండ్ల పేర్లు. ఫలానావాళ్లు ఇష్టమా, అయితే వీళ్లను వినండి అని దాని సారాంశం. ఆ పట్టిక మేలూ చేసింది, కీడూ చేసింది. దిక్కుతోచని పిల్లవాడికి దారి చూపింది. అదే సమయంలో ప్రతి క్రైస్తవ బ్యాండునూ ఇంకెవరికో నకలుగా నిలబెట్టింది. నిజంగా కొత్తగా పాడేవాళ్లకు అందులో గడి లేకుండా పోయింది.

అభిమానులు ఒకరినొకరు కళ్లారా చూసుకున్నది పొలాల్లో జరిగే పాటల పండుగల్లో. వుడ్‌స్టాక్ రాక్ సంగీతోత్సవానికి జవాబుగా 1970లో కెంటకీ రాష్ట్రం విల్మోర్‌లో ‘ఇక్తస్’ మొదలైంది. 1979లో పెన్సిల్వేనియాలో ‘క్రియేషన్’ వచ్చింది. షికాగోలోని ఒక క్రైస్తవ కమ్యూన్ 1984 నుంచి 2012 వరకు నడిపిన ‘కార్నర్‌స్టోన్’ వీటన్నిటిలో ధైర్యం గలది. షాపులు ముట్టని పంక్, మెటల్ బృందాలకు అది వేదిక ఇచ్చింది. గుడారాల్లో పడుకుని, బురదలో నిలబడి పాట విన్న పిల్లలు బల్లల మీద పరిచిన క్యాసెట్లూ టీషర్టులూ నేరుగా బ్యాండు చేతి నుంచే కొన్నారు.

ఇంకో రకం అభిమానులూ ఉన్నారు. వాళ్లు వినడంతో ఆగలేదు, పాడారు. గాయని గొంతు తీసేసి సంగీతం మాత్రమే ఉంచిన ట్రాక్ క్యాసెట్లు 1980ల్లో షాపులకు మంచి రాబడి. గాయని శాండీ ప్యాటీ కొత్త పాట వచ్చిందంటే కొద్ది వారాల్లో ఎన్నో ఊళ్ల సంఘాల్లో ఆదివారం ఆరాధనలో ఎవరో ఒకరు ఆ ట్రాక్ పెట్టుకుని పాడేవారు.

అమ్మకం అన్న ఆలోచననే ప్రశ్నించినవాడు కీత్ గ్రీన్. పియానో ముందు కూర్చుని శ్రోతలను గద్దించినట్టు పాడే ఈ యువకుడి 1977 నాటి తొలి ఆల్బమ్‌ను స్పారో విడుదల చేసింది. సువార్తకు వెల కట్టడం తప్పన్న నమ్మకం అతనిలో రానురాను బలపడింది. తనను ఒప్పందం నుంచి విడిచిపెట్టమని హెర్న్‌ను అడిగాడు. హెర్న్ ఒప్పుకున్నాడు. ఇద్దరి గౌరవాన్నీ పెంచిన ఘట్టమది. గ్రీన్ ఇల్లు తాకట్టు పెట్టి 1980లో తర్వాతి ఆల్బమ్ తీసుకొచ్చాడు. రాసిన వారందరికీ పోస్టులో పంపాడు, ఎవరు ఎంత ఇవ్వగలిగితే అంతే ధర. అందులో ఒక పాటకు బాబ్ డిలన్ హార్మోనికా వాయించాడు. 1982 మే నాటికి రెండు లక్షలకు పైగా కాపీలు వెళ్లాయి. వాటిలో 61,000 పూర్తిగా ఉచితం. ఆ జూలై 28న టెక్సస్‌లో చిన్న విమానం కూలి గ్రీన్ 28 ఏళ్లకే చనిపోయాడు. అతని పద్ధతిని పెద్ద కంపెనీ ఏదీ అనుసరించలేదు. ఈ చరిత్రలో మనస్సాక్షిని ఖర్చుతో సహా లెక్కగట్టి చూపినవాడు అతను.

అదే 1982లో వ్యాపారం తన అతిపెద్ద విజయాన్ని చూసింది. నాష్‌విల్‌లో పెరిగిన ఏమీ గ్రాంట్ స్కూలు రోజుల్లోనే వర్డ్ గాయని అయింది. ఆమె ‘ఏజ్ టు ఏజ్’ ముందు 5 లక్షల కాపీలకు ఇచ్చే గోల్డ్ గుర్తింపు, తర్వాత 10 లక్షలకు ఇచ్చే ప్లాటినమ్ గుర్తింపు పొందింది. 1985లో వర్డ్ ఒక ఏర్పాటు చేసింది: క్రైస్తవ షాపులకు సరఫరా తమది, మామూలు మ్యూజిక్ షాపులకు సరఫరా ఏ అండ్ ఎమ్ కంపెనీది. ఒకే ఆల్బమ్ రెండు వీధుల్లో అమ్మకానికి వెళ్లింది. 1991లో ఆమె ‘బేబీ బేబీ’ దేశం మొత్తం మీద మొదటి స్థానానికి చేరినప్పుడు పాత అభిమానుల్లో కొందరు గర్వపడ్డారు, కొందరు ఆమె తమను విడిచిపోయిందని బాధపడ్డారు. పాటలో దేవుడి పేరు లేకపోవడమే వాళ్ల అభ్యంతరం. ఇల్లాలిగా, తల్లిగా ఉన్న విశ్వాసి తన పసిపాప మీద ప్రేమతో మొదలుపెట్టిన పాటను అవిశ్వాసంగా చూడటం అన్యాయమే.

అట్టల మీద కూడా షాపు మాటే చెల్లేది. పసుపు నలుపు చారల దుస్తులతో వేదిక నుంచి కొత్త నిబంధన ప్రతులు విసిరే స్ట్రైపర్ బృందం 1986 ఆల్బమ్ అట్ట బొమ్మ మీద దుమారం రేగింది. దాంతో మామూలు నల్ల అట్టతో మళ్లీ అచ్చు వేశారు. 1987లో టీవీ ప్రసంగీకుడు జిమ్మీ స్వాగర్ట్ క్రైస్తవ రాక్‌ను గొర్రె తోలు కప్పుకున్న తోడేలంటూ పుస్తకమే ప్రచురించాడు. అయినా స్ట్రైపర్ ఆల్బమ్ ప్లాటినమ్‌కు చేరింది.

1995 దాకా ఈ షాపుల అమ్మకాలు దేశవ్యాప్త లెక్కల్లో కనిపించేవి కావు. బార్‌కోడ్ ఆధారంగా అమ్మకాలు లెక్కించే సౌండ్‌స్కాన్ ఆ ఏడాది క్రైస్తవ షాపులనూ కలుపుకుంది. నవంబరులో వచ్చిన డీసీ టాక్ బృందం ‘జీసస్ ఫ్రీక్’ బిల్‌బోర్డ్ ఆల్బమ్‌ల పట్టికలో నేరుగా 16వ స్థానంలో దిగింది. పెద్ద కంపెనీలు అప్పటికే లోపలికి వచ్చేశాయి. స్పారోను ఈఎంఐ 1992లో కొన్నది. చేతులు మారుతూ వచ్చిన వర్డ్ 2000ల మొదట్లో వార్నర్ గూటికి చేరింది. బయటి డబ్బు వచ్చేకొద్దీ లోపల హద్దుల గొడవ ముదిరింది. 1998లో గాస్పెల్ మ్యూజిక్ అసోసియేషన్ తన డవ్ పురస్కారాలకు పాటలోని మాటలు ఎలా ఉండాలో నిర్వచనం రాయాల్సి వచ్చింది. పాటలో నిమిషానికి ఎన్నిసార్లు యేసు పేరు వస్తుందన్న కొలత రంగంలో వాడుక మాటగా తిరిగింది. రేడియో స్టేషన్లు తమ శ్రోతను ‘బెకీ’ అనే ఊహా గృహిణిగా, శివారు కాలనీలో పిల్లల్ని కార్లో బడికి దింపే తల్లిగా భావించి పాటలు ఎంచాయి. సందేహం, కోపం, దుఃఖం ఉన్న పాటలు ఆ జల్లెడలో మిగల్లేదు. కీర్తనల గ్రంథంలో ఇవన్నీ ఉన్నాయన్నది గుర్తుంచుకోవాలి.

2000ల తర్వాత డౌన్‌లోడ్లు అన్ని ఆల్బమ్‌లనూ దెబ్బ తీశాయి. ఇదే సమయంలో రాబడి మరో చోటికి కదిలింది. దానికి పునాది చాలా ముందే పడింది. సంఘాలు పాటలను అనుమతి లేకుండా కాపీ చేసుకున్నందుకు 1984లో షికాగో క్యాథలిక్ అధిమేత్రాసనంపై జ్యూరీ 30 లక్షల డాలర్లకు పైగా పరిహారం వేసింది. ఆ భయం నేపథ్యంలో 1988లో ఆరెగాన్ రాష్ట్రంలో సీసీఎల్ఐ అనే సంస్థ పుట్టింది. సంఘం తన పరిమాణాన్ని బట్టి ఏటా రుసుము కడుతుంది, ఆ డబ్బు పాటల హక్కుదారులకు చేరుతుంది. దీంతో కొని వినే పాట కంటే ఆదివారం అందరూ కలిసి పాడే పాటకు విలువ పెరిగింది. క్రిస్ టామ్లిన్ లాంటి ఆరాధన గాయకులు, ఆస్ట్రేలియాలోని హిల్‌సాంగ్ సంఘం ముందుకొచ్చారు. హైదరాబాద్ సంఘాల్లో వినబడే ఇంగ్లిషు ఆరాధన పాటలకూ, వాటి తెలుగు రూపాలకూ చాలావరకు మూలం ఈ తరంగమే.

షాపులు మాత్రం నిలబడలేదు. 2017లో ఫ్యామిలీ క్రిస్టియన్ అనే దుకాణాల సంస్థ తన 240 దుకాణాలనూ మూసేసింది, సుమారు 3,000 మంది ఉద్యోగాలు పోయాయి. 2019లో లైఫ్‌వే తన 170 దుకాణాలూ మూసేస్తున్నట్టు ప్రకటించింది. షాపు మీద ఆధారపడని దారిని అభిమానులు అప్పటికే వెతుక్కున్నారు. డెన్వర్‌కు చెందిన ఫైవ్ ఐరన్ ఫ్రెంజీ బృందం కొత్త ఆల్బమ్ కోసం 2011 నవంబరులో 30,000 డాలర్ల విరాళం అడిగితే, అభిమానులు 2 లక్షల డాలర్లకు పైగా ఇచ్చారు. ఆ ఆల్బమ్ 2013లో విడుదలైంది.