డైనమైట్ పెట్టె నుంచి ప్యాలెట్ దాకా: మా ఇంటి పాత చెక్క కథ

మా అవ్వ కూర్చునే పీటను బోర్లా తిప్పితే అడుగున సగం చెరిగిన ఇంగ్లీషు అక్షరాలు కనిపిస్తాయి. 'ఎక్స్‌ప్లో' వరకు చదవొచ్చు, మిగతాది రంపానికి పోయింది. నేను కన్నడ మీడియం వాణ్ణి, హైస్కూలుకు వచ్చినాకే ఆ మాట ఏమిటో తెలిసింది. కోలారు బంగారు గనిలోకి మందుగుండు మోసుకొచ్చిన పెట్టె చెక్క అది. మా తాత గనిలో పని చేసినాడు.

1880లో గనుల నిర్వహణ జాన్ టేలర్ అండ్ సన్స్ కంపెనీ చేతికి వచ్చినాక ఉత్తర ఆర్కాటు, చిత్తూరు ప్రాంతాల తెలుగు, తమిళ కుటుంబాలు పనికోసం ఇక్కడికి చేరినాయి. కూలి లైన్లలో చాలావరకు వెదురు తడికెల ఇళ్ళే. మంచి కర్ర కొనే తాహతు ఎవరికుంది? కానీ గనికి మాత్రం కర్ర లేకుండా ఒక్కరోజు గడవదు. సొరంగాల్లో పైకప్పు కూలకుండా ఊతలకు కర్రే కావాలి. 1902లో శివనసముద్రం నుంచి కరెంటు వచ్చేదాకా యంత్రాలను నడిపింది ఆవిరి. మందుగుండు కూడా చెక్క పెట్టెల్లోనే వచ్చేది. ఆ ఖాళీ పెట్టెలే మావాళ్ళకు పీటలు, గూళ్ళు, బియ్యం డబ్బాల మూతలు అయినాయి. తాత చేసిన పీటలో మేకులు తక్కువ. పెట్టె మూలల్లో ముందే ఉన్న పళ్ళ అతుకులను ఆయన అట్లాగే వాడుకున్నాడు. సగం పని పెట్టె చేసినవాడే చేసిపెట్టినాడన్నమాట.

అయితే అవ్వ ఒక మాట చెప్పేది. పెట్టె ఇంటికి రాగానే లోపల పెట్టనిచ్చేది కాదు. వేడినీళ్ళతో కడిగి, ఎన్నో రోజులు ఎండలో పెట్టినాకే గడప దాటాలి. "కొత్త పెట్టె దగ్గర పడుకుంటే తల పగిలిపోతుంది" అనేది. చాలా ఏళ్ళకు చదివి తెలుసుకున్నాను. డైనమైట్‌లోని నైట్రోగ్లిసరిన్ రక్తనాళాలను వెడల్పు చేస్తుంది, దాన్ని ముట్టుకునే పనివాళ్ళకు తలనొప్పి రావడం ప్రపంచమంతా తెలిసిన సంగతే. ఆ నూనె చెక్కలోకి దిగే ప్రమాదం కూడా ఉంది. అవ్వకు రసాయనం పేరు తెలీదు, జాగ్రత్త మాత్రం తెలుసు.

నాయన కాలానికి దొరికిన చౌక కర్ర రైలు స్లీపర్. 1992లో మొదలైన యూనిగేజ్ పనుల్లో మీటర్ గేజ్, నేరో గేజ్ లైన్లు బ్రాడ్‌గేజ్ అయ్యేకొద్దీ పాత చెక్క స్లీపర్లు ఎక్కడ చూసినా బయటపడినాయి. ఇప్పుడు పట్టాల కింద ఎక్కువగా కాంక్రీటే కదా. నాయన ఒక గుజరీ అంగట్లో రెండు కొన్నాడు, బెంచీ చేద్దామని. కర్ర చేవ కర్రే, తప్పు పట్టడానికి లేదు. కానీ పట్టాల మధ్య కంకర అందులో కూరుకుపోయి ఉంది. మూడు రంపం బ్లేడ్లు పోయినాయి. విసిగిపోయి ముక్కలను హండె కింద వేసినాడు, స్నానం నీళ్ళకు. ఆ పొగకు ఇంట్లో అందరికీ కళ్ళు మండినాయి. స్లీపర్లను పుచ్చు పట్టకుండా క్రియోసోట్ అనే తారు నూనెలో నానబెడతారు. అది కాల్చకూడదు, ఇంట్లో పెట్టకూడదు, దాంతో మంచం చేయనేకూడదు. గనులు 2001లో మూతపడినాయి. ఆ రెండు స్లీపర్ల సగం ముక్కలు మాత్రం ఇంటి వెనక ఇంకా ఉన్నాయి!

ఇక నా వంతు. పాపకు చిన్న మంచం చేద్దామని బెంగళూరులో పీణ్య వైపు ప్యాలెట్ల కోసం తిరిగినాను. యంత్రాలు దిగుమతి చేసుకునే కార్ఖానాలు ఎన్ని, ఆ బయట పైన్ చెక్క ప్యాలెట్ల కుప్పలు అన్ని. అంగడివాడు మంచివి ముందు పెట్టి చూపిస్తూ "ఫారిన్ మాల్ సార్" అన్నాడు. ఫోటో ఇంటికి పంపితే అవ్వ తిరిగి అడిగింది, "అందులో ఏం వచ్చిందిరా?"

నా ఉద్యోగమే టెస్టింగు, నాకు అది తోచలేదు చూడండి. వెంటనే పలకలు తిప్పి ముద్ర వెదికినాను. దేశాల మధ్య తిరిగే చెక్క ప్యాకింగ్‌కు 2002 నుంచి ఒక అంతర్జాతీయ నియమం ఉంది, పేరు ఐఎస్‌పీఎం 15. పురుగులు దేశాలు దాటకుండా దాన్ని పెట్టినారు. గోధుమ కంకి గుర్తు, రెండక్షరాల దేశం కోడు, పక్కన శుద్ధి చేసిన పద్ధతి ఉంటాయి. 'హెచ్‌టీ' అంటే చెక్క లోపలి భాగం కూడా 56 డిగ్రీల సెల్సియస్ వేడిలో 30 నిమిషాలు ఉందని అర్థం. 'ఎంబీ' అంటే మిథైల్ బ్రోమైడ్ అనే విషవాయువు పెట్టినారని. నేను ముందు ఎంచుకున్న ఆరింటిలో రెండు ఎంబీ, ఒకదాని మీద నూనె మరక. మూడూ వెనక్కి ఇచ్చేసినాను. నీలం రంగువి కనిపిస్తే జోలికి పోవద్దు, అవి ఎక్కువగా అద్దె కంపెనీల సొత్తు.

విప్పేటప్పుడు సుత్తితో పొడిస్తే పలక చీలుతుంది, ఎందుకంటే ప్యాలెట్ మేకులు మెలి తిరిగి ఉంటాయి. పలకకూ దిమ్మెకూ నడుమ యాక్సా బ్లేడు దూర్చి మేకునే కోసేయాలి. చిత్రిక పట్టేముందు అయస్కాంతం ఒకసారి తిప్పండి, దాగిన మేకు ముక్క దొరుకుతుంది. నాకు పదకొండు దొరికినాయి.

మంచం అయింది. హెచ్‌టీ ముద్ర ఉన్న పలకను మాత్రం చిత్రిక పట్టలేదు. ముద్ర కిందివైపు వచ్చేట్టు బిగించినాను, అవ్వ పీట మీద అక్షరాల్లాగే. దేశం కోడు డీఈ, జర్మనీ. అవ్వ మంచం దగ్గరికి వచ్చి, వంగి, ముందు వాసన చూసింది.