గాజుకడ్డీలో ఏనుగు

ఫ్రాన్సులోని లొరైన్ సీమలో మెర్త్ నది ఒడ్డున బాకరా అనే చిన్న ఊరుంది. 1764లో పదిహేనో లూయీ అనుమతితో అక్కడ గాజు కొలిమి వెలిగింది. తరవాతి కాలంలో రాజుల విందు బల్లల మీదికి చేరిన పాత్రలూ, దర్బారుల్లో వేలాడిన దీపాలూ ఎన్నో అక్కడివే. ఆ వైభవాన్ని పొగిడేవాళ్లకు కొదవ లేదు. ఇక్కడ చెప్పుకునేది అదే కార్ఖానాలో పుట్టి, పట్టుమని పదిహేనేళ్లు కూడా నిలవని ఒక చిన్న జంతుశాల గురించి. ఉడుత, కోడిపుంజు, గుర్రం, ఏనుగు, కోతి, హంస, వీటి నడుమ తుపాకీ పట్టిన ఒక వేటగాడు. ఒక్కొక్కటీ చిటికెనవేలి గోరంత. ఉండేది గాజు లోపల.

1845లో వియన్నాలో జరిగిన పరిశ్రమల ప్రదర్శనలో వెనిస్‌వాడు పియెత్రో బిగాలియా కొన్ని గాజు గుండ్లు పెట్టాడు. లోపలంతా రంగురంగుల కడ్డీముక్కలు. బల్లమీద కాగితాలు ఎగిరిపోకుండా పెట్టుకునే వస్తువే. అయినా పారిస్ నుంచి వెళ్లిన పెలిగో అనే రసాయన శాస్త్రవేత్త కన్ను వాటి మీద పడింది. ఆయన తిరిగొచ్చి ఇచ్చిన నివేదిక చదివి ఫ్రెంచి కార్ఖానాలు కదిలాయి. సెయింట్ లూయీ, క్లిషీ, బాకరా ఈ మూడూ పోటీపడి పేపర్‌వెయిట్లు చేశాయి.

బాకరా పెద్దగా అప్పుడు జాన్ బాప్తిస్త్ తుసేన్ ఉండేవాడు. ఆయన బంధువుల పిల్లవాడు ఎమీల్ గ్రిడెల్‌కు అప్పటికి పదేళ్లు నిండలేదు. కాగితాన్ని జంతువుల ఆకారంలో కత్తిరించుకుని ఆడుకునేవాడు. తుసేన్ ఆ కాగితపు ముక్కలు చూసి, వీటిని గాజులోకి ఎక్కిద్దాం అనుకున్నాడు. పిల్లల ఆటను పెద్దవాళ్లు పట్టించుకోవడం అరుదు, పట్టించుకుని కార్ఖానాలో పనిగా పురమాయించడం మరీ అరుదు.

పని మాత్రం పిల్లలాట కాదు. కాగితపు ఏనుగుకు సరిపడా ఇనుప అచ్చు చేయాలి. అందులో కరిగిన ముదురురంగు గాజు పోస్తే పొట్టి దిమ్మె వస్తుంది. దాన్ని ఎక్కడ అడ్డంగా కోసినా ఏనుగే. చిక్కంతా సందులతోనే. కాళ్ల నడుమ, తొండం కింద ఖాళీ వదిలారా, సాగదీసేటప్పుడు మెత్తబడిన గాజు ఆ ఖాళీలోకి కూలుతుంది, ఏనుగు కాస్తా ముద్దవుతుంది. అందుకని సందులన్నీ తెల్లగాజుతో నింపి, చుట్టూ మళ్లీ తెల్లగాజే కప్పి, బొమ్మను గుండ్రటి దిమ్మె మధ్యలో దాచేస్తారు. రెండు గాజులూ ఒకే తీరున వ్యాకోచించి ఒకే తీరున కుంచించుకోవాలి. లేకపోతే చల్లారేటప్పుడు పగులుతుంది.

ఆ దిమ్మెను మళ్లీ కొలిమిలో పెట్టి మెత్తబరుస్తారు. ఒక పనివాడు తన ఇనుప ఊచతో ఒక కొస పట్టుకుంటాడు, ఇంకొకడు రెండో కొసకు తన ఊచ అంటిస్తాడు. ఇద్దరూ ఒకరికొకరు దూరంగా నడుస్తారు. మధ్యలో గాజు ముదురు బెల్లంపాకంలా తీగ సాగుతుంది. నడక తడబడితే ఒకచోట లావు, ఒకచోట సన్నం. సరిగ్గా నడిస్తే చేతికి పట్టనంత దిమ్మె పెన్సిలంత కడ్డీ అవుతుంది. లోపలి ఏనుగు కూడా అదే పాళ్లలో చిన్నదవుతుంది, తొండం, తోక, కాళ్లతో సహా. చల్లారాక కడ్డీని బిళ్ళలుగా కోసి, వరసగా పేర్చి, వేడి గాజుముద్దతో అద్ది తీసుకుని, పైన స్వచ్ఛమైన స్ఫటికపు గుబ్బ పోస్తారు. ఒక మూల అక్షరం, అంకెలు ఉన్న బుల్లి బిళ్ళలు: బి 1848.

ఆ 1848లోనే పారిస్ వీధుల్లో విప్లవం వచ్చి రాజు పారిపోయాడు. పేపర్‌వెయిట్లు మాత్రం అమ్ముడుపోతూనే ఉన్నాయి. వాటిని కొట్టింది విప్లవం కాదు, మోజు. కొన్నేళ్లకు జనం కళ్లు వేరే సరుకు మీదికి మళ్లాయి. 1850ల చివరికి అడిగేవాడు లేడు. బాకరా కొలిమి ఆరలేదు, పాత్రలు తయారవుతూనే ఉన్నాయి. ఆగిపోయింది ఈ ఒక్క పని. అది కాగితాల మీద లేదు, చేతుల్లో ఉండేది. చేతులు ముసలివయ్యాయి. ఇరవయ్యో శతాబ్దం మొదట్లో ఒకరిద్దరి దగ్గర కొనఊపిరితో ఉండి, అదీ పోయింది. క్లిషీ కార్ఖానా అప్పటికే, 1885లో, మరో కార్ఖానాలో కలిసి పేరు పోగొట్టుకుంది.

చేసేవాళ్లు పోయాక ధర పెరగడం మామూలే. ఈజిప్టు రాజు ఫారూక్ వీటిని పిచ్చిగా పోగేశాడు. 1952లో గద్దె దిగి దేశం వదిలాక, 1954లో కైరోలో ఆయన సొమ్ము వేలానికి వచ్చింది. అందులో ఈ గాజు గుండ్లూ ఉన్నాయి.

బాకరాలోనే ఇంకో కథ నడిచింది. రెండో ప్రపంచయుద్ధంలో దెబ్బతిన్న అక్కడి చర్చి శిథిలాల్లో, 1951లో, పునాదిరాయిలోంచి ఒక పేపర్‌వెయిట్ బయటపడింది. 1853 నాటిది, మార్టిన్ కైసర్ అనే పనివాడు చేసినది. దాన్ని ముందు పెట్టుకుని, తమ తాతలు చేసిన పనిని కార్ఖానావాళ్లు మొదటినుంచి నేర్చుకోవాల్సి వచ్చింది. కొన్నేళ్లు ప్రయత్నిస్తేగాని కడ్డీ దారికి రాలేదు.

ఇది మనకు సంబంధం లేని గోడు కాదు. తిరుపతి దగ్గర పాపానాయుడుపేటలో కొలిమిలోంచి గాజు గొట్టాన్ని లాగి, ముక్కలు కోసి, పూసలు చేసే పాత పద్ధతి ఉండేది. అక్కడా లాగే చెయ్యే పుస్తకం.

ఈ రోజు అదే ఏనుగును ఇంట్లో పాలిమర్ క్లేతో, అంటే వేడికి గట్టిపడే ప్లాస్టిక్ ముద్దతో, చేసుకోవచ్చు, మామూలు ఓవెన్ చాలు. నియమాలు మారలేదు. సందులన్నీ నేపథ్యపు రంగు ముద్దతో నింపాలి. రెండు రంగుల మెత్తదనం ఒకేలా ఉండాలి, లేకపోతే మెత్తనిది ముందు జారిపోయి కాళ్లు వంకరపోతాయి. నడుమ నుంచి కొసలవైపు కొద్దికొద్దిగా నొక్కుతూ సాగదీయాలి. కొసల్లో బొమ్మ చెడుతుంది, ఆ ముక్కలు పోయినట్టే. కోసేముందు కాసేపు చల్లబరిస్తే బ్లేడు కింద ముఖం చదునవదు.

గ్రిడెల్ పెద్దయ్యాక వేట దృశ్యాలు, జంతువులు గీసే చిత్రకారుడయ్యాడు, 1901లో పోయాడు. 1971లో బాకరా ఆ జంతువులను మళ్లీ విడుదల చేయడం మొదలుపెట్టినప్పుడు ఆ వరసకు అతని పేరే పెట్టింది. కాగితం కత్తిరించిన పిల్లవాడి పేరు నిలిచింది, అది న్యాయమే. అచ్చు చేసినవాడి పేరూ, ఊచ పట్టుకుని వెనక్కి నడిచిన ఆ ఇద్దరి పేర్లూ ఏ బిళ్ళమీదా లేవు. ఉన్నది సంవత్సరం, కార్ఖానా అక్షరం. పాలిమర్ క్లేతో జంతువుల కడ్డీలు చేసే తెలుగువాళ్లకు ఒక మనవి: ఏ రంగు ఎంత కలిపారో, ఏ సందు దేనితో నింపారో ఒక నోట్‌బుక్కులో రాయండి. కింద మీ పేరు కూడా రాయండి.