నవ్వు ఎవరి చేతిలో ఉంది?

స్త్రీల హాస్యం మాట వచ్చినప్పుడల్లా సాహిత్య పరిశోధకురాలినైన నాకు ఒక ఆల్బమ్ అట్ట గుర్తొస్తుంది. అయిదుగురు యువతులు. ఒంటికి తువ్వాళ్లు, మొహాల నిండా తెల్లటి క్రీము. ఎవరెవరో పోల్చుకోవడం కష్టం. అమెరికన్ బాండ్ గో-గోస్ 1981 జులైలో తెచ్చిన తొలి ఆల్బమ్ అది, పేరు 'బ్యూటీ అండ్ ది బీట్'. 'బ్యూటీ అండ్ ది బీస్ట్' కథలోంచి మృగాన్ని తరిమేసి, ఆ చోట తమ డ్రమ్ముల దరువును కూర్చోబెట్టారు. అందం పూసుకుంటే వచ్చేదని నిరూపించడానికి మనం పేజీలు రాస్తాం. వాళ్లు ఒక్క ఫొటోతో నవ్వుతూ తేల్చేశారు.

1978లో లాస్ ఏంజిలిస్ పంక్ క్లబ్బుల మధ్య పుట్టిన బృందం ఇది. ఆడవాళ్ల బాండ్ అమ్ముడుపోదని పెద్ద రికార్డు కంపెనీలు వెనకాడితే, ఐ.ఆర్.ఎస్. అనే చిన్న సంస్థ ముందుకొచ్చింది. నిర్మాత రిచర్డ్ గాటెరర్ పాటల వేగం తగ్గించి మాటలు స్పష్టంగా వినపడేలా చేశాడు. తమ పంక్ గరుకుదనం పోయిందని వాళ్లు మొదట బాధపడ్డారు. కానీ ఆ స్పష్టతే వాళ్ల చమత్కారాన్ని మనదాకా చేర్చింది. 'స్కిడ్‌మార్క్స్ ఆన్ మై హార్ట్'లో కారునే ఎక్కువగా ప్రేమించే కుర్రాడిమీద ప్రియురాలి ఫిర్యాదంతా కారు భాషలోనే సాగుతుంది. జేన్ వీడ్లిన్, టెరీ హాల్ కలిసి రాసిన 'అవర్ లిప్స్ ఆర్ సీల్డ్' పుకార్లకు సంజాయిషీ ఇవ్వదు. మౌనాన్ని అణచివేతగానే చదవడం అలవాటైన నాకు, అక్కడ అది ఇద్దరు పంచుకున్న చిరునవ్వులా వినిపించింది.

1982 మార్చిలో ఈ ఆల్బమ్ అమెరికా పట్టికలో మొదటి స్థానానికి చేరి ఆరు వారాలు నిలిచింది. తమ పాటలు తామే రాసుకుని, వాయిద్యాలు తామే వాయించుకున్న స్త్రీల బాండ్‌కి ఆ స్థానం దక్కడం అదే మొదటిసారి.

అదే ఏడాది ఆగస్టులో 'రోలింగ్ స్టోన్' పత్రిక వాళ్లను లోదుస్తుల్లో అట్టమీద వేసి, ద్వంద్వార్థపు శీర్షిక తగిలించింది. ఫొటో తీసింది ఆనీ లీబొవిట్జ్, ఒక స్త్రీయే. రెండు అట్టల్నీ పక్కపక్కన పెట్టుకుని చూస్తుంటాను. బట్టలు రెండింట్లోనూ తక్కువే. మొదటి అట్టమీద జోకు వాళ్లు వేసింది, రెండో అట్టమీద జోకు వాళ్లమీద వేసింది. ఎవరి శరీరాన్ని చూపిస్తున్నారన్న ప్రశ్నతో పాటు ఎవరు నవ్వుతున్నారన్న ప్రశ్న కూడా వేసుకోవాలని ఆ అట్టలే నాకు నేర్పాయి.

2021లో రాక్ అండ్ రోల్ హాల్ ఆఫ్ ఫేమ్ వాళ్లను చేర్చుకుంది. మొదటి స్థానం, ఆరు వారాలు అన్న అంకెలు చరిత్రకెక్కాయి. ఆ చమత్కారం ఎక్కిందా? అడిగే ముందు నా సిద్ధాంత గ్రంథం తిరగేశాను. రచయిత్రుల కన్నీళ్లకు అధ్యాయాలు కేటాయించాను. వాళ్ల నవ్వుకి ఒక్క పేరా లేదు.