శవాల గదిలోంచి బ్లడ్ బ్యాంకు దాకా

తెల్లటి పలక మీద మూడు చుక్కల రక్తం వేస్తాడు టెక్నీషియన్. మొదటి చుక్క పక్కన నీలం రంగు మందు, రెండో దాని పక్కన పసుపు రంగుది, మూడో దాని పక్కన రంగు లేనిది. పుల్లతో కలిపి పలకను అటూ ఇటూ మెల్లగా ఊపుతాడు. కాసేపటికే పసుపు మందు కలిసిన చుక్కా, రంగు లేని మందు కలిసిన చుక్కా విరిగిన పాలలా పలుకులు తేలతాయి. నీలం మందు కలిసిన చుక్క మాత్రం నున్నగా అలాగే ఉండిపోతుంది. ‘బి పాజిటివ్’ అని కార్డు మీద రాసేస్తాడు. ఇంతా కలిపి రెండు మూడు నిమిషాల పని.

ఈ పరీక్షకు మూలం 1901లో వియన్నాలో పడింది. దానికి ఆద్యుడు కార్ల్ లాండ్‌స్టీనర్. రోగుల నాడి పట్టిన డాక్టరుగా కాదు, శవపరీక్షలు చేసిన పెథాలజిస్టుగా ఆయనకు పేరు. వియన్నా విశ్వవిద్యాలయం పెథాలజీ విభాగంలో పనిచేసిన పదేళ్లలో ఆయన కోసి చూసిన శవాలు సుమారు 3,600. అలాంటి మనిషి బతికున్నవాళ్ల రక్తం జోలికి ఎందుకు వెళ్లాడు? వెళ్లి ఏం తేల్చాడు? బ్లడ్ బ్యాంకుల చరిత్ర అంటే దాతల ఉదారత గురించే చెప్పుకుంటాం. ఒకరి రక్తం మరొకరికి సరిపడుతుందో లేదో తేల్చిన పరీక్షల కథ అందులో సగానికి పైనే ఉంటుంది.

రెండు వందల ఏళ్ల జూదం

1667లో పారిస్‌లో జాన్ బాప్టిస్ట్ డెనీ అనే వైద్యుడు పదిహేనేళ్ల కుర్రాడికి గొర్రెపిల్ల రక్తం ఎక్కించాడు. ఎక్కించింది కొద్దిగానే కావడంతో కుర్రాడు బతికాడు. ఆ ధైర్యంతో మతిస్థిమితం లేని మరో మనిషికి దూడ రక్తం ఎక్కించాడు. అతడికి వణుకు పుట్టింది, మూత్రం నల్లబడింది. కొన్నాళ్లకు అతడు చనిపోతే వ్యవహారం కోర్టుకెక్కింది. భార్యే విషం పెట్టిందని కోర్టు తేల్చి డెనీని వదిలేసినా, రక్తమార్పిడి మీద మాత్రం నిషేధం వచ్చి పడింది. ఆ తర్వాత నూట యాభై ఏళ్లపాటు ఆ ఊసు ఎత్తినవాళ్లు దాదాపు లేరు.

1818లో లండన్‌లో జేమ్స్ బ్లండెల్ మళ్లీ మొదలుపెట్టాడు. కాన్పులో రక్తం పోయి కళ్లముందే ప్రాణాలు విడుస్తున్న తల్లులను చూసి తట్టుకోలేకపోయిన వైద్యుడాయన. మనిషికి మనిషి రక్తమే ఎక్కించాలని పట్టుబట్టాడు. కొందరు బతికారు, కొందరు పోయారు. ఎవరు బతుకుతారో, ఎవరు పోతారో ముందుగా చెప్పే దారి మాత్రం లేదు. జంతువు రక్తం మనిషికి ఎందుకు పనికిరాదో 1875లో జర్మన్ శాస్త్రవేత్త లియొనార్డ్ లాండ్వా వివరించాడు. ఒక జాతి సీరంలో, అంటే గడ్డకట్టిన రక్తం నుంచి విడిపోయే ద్రవంలో, మరో జాతి రక్తకణాలు ముద్ద కడతాయి, పగిలిపోతాయి. మరి మనిషికీ మనిషికీ మధ్య తేడా ఏమిటి? అలాంటి ముద్దలు కనిపించినప్పుడల్లా ఏదో జబ్బు వల్లేనని సరిపెట్టుకునేవారు.

అడుగున రాసిన నాలుగు ముక్కలు

లాండ్‌స్టీనర్ 1868 జూన్ 14న వియన్నా దగ్గరి బాడెన్‌లో పుట్టాడు. తండ్రి పేరున్న పత్రికా రచయిత. కొడుక్కి ఆరేళ్లప్పుడే పోయాడు. పెంచింది తల్లి ఫానీ. 1891లో వైద్య పట్టా చేతికొచ్చినా ఆయన ప్రాక్టీసు పెట్టలేదు. జర్మనీ, స్విట్జర్లాండ్ వెళ్లి రసాయనశాస్త్రం చదువుకున్నాడు. ఆయన గురువుల్లో ఎమిల్ ఫిషర్ ఒకడు. రక్తాన్ని వైద్యుడి కంటితో పాటు రసాయనవేత్త కంటితోనూ చూడగలగడం అక్కడే అబ్బింది.

1900లో రాసిన ఒక వ్యాసంలో పేజీ అడుగున చిన్న గమనిక చేర్చాడు. ఆరోగ్యంగా ఉన్న మనిషి సీరం ఇతర మనుషుల ఎర్ర కణాలను కూడా ముద్ద కట్టిస్తోందన్నది దాని సారం. ఇది జబ్బు వల్లా, లేక పుట్టుకతో వచ్చే తేడాయా? తేల్చడానికి ఆయనకు పెద్ద ఏర్పాట్లేమీ అక్కర్లేకపోయింది. తనతో కలిపి ఆరుగురు మగవాళ్ల రక్తం తీసుకున్నాడు. అందులో తోటి డాక్టర్లే ఎక్కువ. ఒక్కొక్కరి సీరాన్ని ఆరుగురి కణాలతోనూ కలిపాడు. ఆరుకు ఆరు, మొత్తం ముప్పై ఆరు గళ్లు. ముద్ద కడితే కూడిక గుర్తు, కట్టకపోతే తీసివేత గుర్తు.

ఆ గళ్లను తీరిగ్గా చూస్తే వరస కనిపిస్తుంది. ఎవరి సీరమూ వాళ్ల సొంత కణాలను ముట్టుకోలేదు. స్టుర్లి, ఎర్డ్‌హైమ్ ఒక జట్టు. ప్లెట్‌ష్నిగ్, జారిట్ష్ ఇంకో జట్టు. ఈ జట్టు సీరం ఆ జట్టు కణాలను ముద్ద కట్టిస్తుంది, ఆ జట్టుది ఈ జట్టును. మిగిలినవాళ్లు స్టోర్క్, లాండ్‌స్టీనర్. వీళ్ల కణాలను ఎవరి సీరమూ కదిలించలేదు. వీళ్ల సీరం మాత్రం మిగతా నలుగురి కణాలనూ ముద్ద కట్టించింది. ఆరుగురిలో మూడు రకాలు! వాటికి ఎ, బి, సి అని పేర్లు పెట్టాడు. ఆ సి అనేదే తర్వాత ఓ అయింది. అంటే లాండ్‌స్టీనర్‌ది ఓ గ్రూపు. నాలుగో రకమైన ఎబి ఈ ఆరుగురిలో ఎవరికీ లేదు. మరుసటి ఏడాది డెకాస్టెల్లో, స్టుర్లి కలిసి దాన్ని పట్టుకున్నారు.

1901 నాటి ఆ వ్యాసం చాలా చిన్నది. రక్తం ఎక్కించినప్పుడు ఒక్కోసారి ఒక్కోలా ఎందుకు జరుగుతోందో ఈ ఫలితాలతో అర్థం చేసుకోవచ్చని చివర్లో మాత్రం ఒక మాట అన్నాడు. రెండు శతాబ్దాల చిక్కుముడి ఆ మాటతో విడిపోయింది. దాన్ని పట్టించుకున్నవాళ్లే కరువయ్యారు.

పట్టించుకోని రోజులు

అప్పట్లో రక్తం ఎక్కించడమంటే పెద్ద ఆపరేషన్. దాత ధమనిని రోగి సిరకు కలిపి కుట్టాలి. సీసాలో పడితే రక్తం గడ్డకట్టేస్తుంది. దాతను పక్కన పడుకోబెట్టి, ప్రాణం మీదికి వచ్చిన వేళ పరీక్షల కోసం ఆగే ఓపిక ఏ సర్జనుకు ఉంటుంది? న్యూయార్క్ మౌంట్ సినాయ్ ఆస్పత్రిలో రూబెన్ ఒట్టెన్‌బర్గ్ మాత్రం ఆగాడు. 1907లో దాత రక్తాన్నీ రోగి రక్తాన్నీ ముందే కలిపి చూసి, ఆ తర్వాతే ఎక్కించాడు. ఇప్పుడు క్రాస్ మ్యాచింగ్ అంటున్నది ఆ పద్ధతినే.

పేర్ల గందరగోళం ఇంకోటి. ప్రాగ్‌లో యాన్‌స్కీ, అమెరికాలో మాస్ గ్రూపులకు విడివిడిగా అంకెలు వేశారు. యాన్‌స్కీ లెక్కలో ఒకటో నంబరు మనం ఇప్పుడు ఓ అంటున్న గ్రూపు. మాస్ లెక్కలో అదే గ్రూపు నాలుగో నంబరు! ఒక ఆస్పత్రి చీటీని ఇంకో ఆస్పత్రిలో చదివితే ప్రాణానికే ముప్పు. అంకెల్ని వదిలేసి అక్షరాలకు రావడానికి 1920ల చివరి దాకా పట్టింది.

పరీక్షకు అసలు విలువ వచ్చింది రక్తం సీసాలో ఆగడం నేర్చుకున్నాకే. 1914లో బ్రస్సెల్స్‌లో ఆల్బర్ట్ హుస్టిన్, బ్యూనస్ ఎయిరిస్‌లో లూయిస్ అగోటె సోడియం సిట్రేట్ కలిపితే రక్తం గడ్డకట్టదని చూపించారు. ఎంత కలిపితే రోగికి హాని ఉండదో మరుసటి ఏడాది రిచర్డ్ లెవిసన్ తేల్చాడు. 1916లో రౌస్, టర్నర్ దానికి గ్లూకోజు జోడించి కణాలు ఎక్కువ రోజులు నిలిచేలా చేశారు. మొదటి ప్రపంచ యుద్ధంలో ఆస్వాల్డ్ రాబర్ట్‌సన్ అనే సైనిక వైద్యుడు ఓ గ్రూపు రక్తాన్ని సీసాల్లో పట్టి, మంచులో పెట్టి, యుద్ధభూమి దగ్గర సిద్ధంగా ఉంచాడు. దాతా రోగీ ఒకే గదిలో ఉండాల్సిన అవసరం తీరిపోయింది. పరీక్షకు వ్యవధి దొరికింది. 1937లో షికాగో కుక్ కౌంటీ ఆస్పత్రిలో బెర్నార్డ్ ఫాంటస్ ఇలాంటి నిల్వకు ‘బ్లడ్ బ్యాంక్’ అని పేరు పెట్టాడు.

మొదటి ప్రపంచ యుద్ధంలోనే భారతీయుల ప్రస్తావన కూడా వస్తుంది. సలోనికాలో ఉన్న రకరకాల సైన్యాల రక్తాన్ని లుడ్విక్, హన్నా హిర్ష్‌ఫెల్డ్ దంపతులు పరీక్షించి 1919లో లెక్కలు ప్రకటించారు. ఐరోపా సైనికుల్లో ఎ గ్రూపు ఎక్కువ. భారత సైనికుల్లో బి గ్రూపు ఎక్కువ. ప్రాంతాన్ని బట్టి, జనాన్ని బట్టి గ్రూపుల వాటా మారుతుందని తెలిసింది అప్పుడే.

వియన్నా నుంచి న్యూయార్క్‌కి

లాండ్‌స్టీనర్ రక్తం గ్రూపులతోనే ఆగిపోలేదు. 1907లో ముల్లర్, పోట్జ్‌ల్‌తో కలిసి సిఫిలిస్ పరీక్షకు కావలసిన పదార్థాన్ని ఎద్దు గుండె నుంచి తీయవచ్చని చూపించాడు. బ్లడ్ బ్యాంకులు ప్రతి యూనిట్‌కీ చేసే వీడీఆర్‌ఎల్ పరీక్ష ఆ దారిలో వచ్చిందే. 1908లో ఎర్విన్ పాపర్‌తో కలిసి, పోలియోతో చనిపోయిన పిల్లవాడి వెన్నుపాము నుంచి ఆ జబ్బును కోతులకు ఎక్కించి, అది అంటువ్యాధేనని నిరూపించాడు. అదే ఏడాది వియన్నాలోని విల్‌హెల్మినా ఆస్పత్రిలో శవపరీక్షల అధికారిగా చేరాడు.

యుద్ధం ముగిశాక వియన్నాలో తిండికి, బొగ్గుకు కూడా కటకటే. పెళ్లాం, రెండేళ్ల కొడుకుతో 1919లో నెదర్లాండ్స్‌లోని ద హేగ్‌కు వెళ్లాడు. అప్పటికి ఆయనకు యాభై దాటాయి. పేరుమోసిన శాస్త్రవేత్త ఒక చిన్న ఆస్పత్రిలో మూత్ర పరీక్షలు, రక్త పరీక్షలు చేస్తూ రోజులు గడిపాడు. వాటి మధ్యనే పరిశోధన వ్యాసాలూ రాశాడు. న్యూయార్క్ రాక్‌ఫెల్లర్ ఇన్‌స్టిట్యూట్ పిలుపు వచ్చాక గానీ ఆ అవస్థ తీరలేదు. అక్కడ 1927లో ఫిలిప్ లెవిన్‌తో కలిసి ఎం, ఎన్, పి గ్రూపులు కనిపెట్టాడు. 1930లో నోబెల్ బహుమతి వచ్చింది. అప్పటికి వియన్నా పట్టిక వయసు 29 ఏళ్లు.

కోతి పేరు, తల్లి గోడు

1939లో లెవిన్, స్టెట్సన్ ఒక తల్లి గురించి రాశారు. బిడ్డ కడుపులోనే చనిపోయింది. రక్తం బాగా పోవడంతో ఆమెకు భర్త రక్తం ఎక్కించారు. ఇద్దరిదీ ఓ గ్రూపే. అయినా ఒళ్లంతా వణికి రియాక్షన్ వచ్చింది. ఆమె సీరాన్ని గ్రూపు కలిసిన 104 మంది రక్తంతో కలిపి చూస్తే 80 మందిది ముద్ద కట్టింది. అంటే ఎ, బి, ఓలకు అందని ఇంకేదో ఉంది.

మరుసటి ఏడాది లాండ్‌స్టీనర్, అలెగ్జాండర్ వీనర్ ఆ ‘ఇంకేదో’కు పేరు పెట్టారు. రీసస్ కోతి రక్తాన్ని కుందేళ్లకు ఎక్కించి, వాటి సీరాన్ని మనుషుల రక్తంతో కలిపితే నూటికి 85 మంది తెల్లజాతి వాళ్ల రక్తం ముద్ద కట్టింది. కోతి పేరు మీదుగా దాన్ని ఆర్‌హెచ్ అన్నారు. మన కార్డుల మీద ‘పాజిటివ్’, ‘నెగటివ్’ అంటున్నది దాన్నే. ఆ కుందేలు సీరం పట్టింది కాస్త వేరే పదార్థాన్నని తర్వాత తేలింది. అప్పటికే పేరు స్థిరపడిపోవడంతో ఆ రెండో పదార్థానికి లాండ్‌స్టీనర్, వీనర్ పేర్ల మొదటి అక్షరాలతో ఎల్‌డబ్ల్యూ అని పేరు పెట్టి సర్దుకున్నారు.

చివరి రోజుల్లో లాండ్‌స్టీనర్ థైరాయిడ్ క్యాన్సర్ మీద పనిచేస్తున్నాడు. భార్యకు ఆ జబ్బే. 1943 జూన్ 24న ల్యాబులో పనిచేస్తుండగా గుండెపోటు వచ్చింది. 26న కన్నుమూశాడు. అదే ఏడాది భార్యా పోయింది.

రైల్లో తట్టిన ఆలోచన

సీరంలో ఉండి కణాలను ముద్ద కట్టించే పదార్థాలే యాంటీబాడీలు. అవన్నీ కంటికి కనిపించేలా ముద్ద కట్టించవు. కొన్ని కణాన్ని అంటుకుని ఊరుకుంటాయి. పలక మీద చుక్క నున్నగానే ఉంటుంది, ఒంట్లోకి వెళ్లాక కణాలు పగులుతాయి. లండన్ నుంచి కేంబ్రిడ్జికి మసక వెలుతురు రైల్లో వెళ్తుండగా రాబిన్ కూంబ్స్‌కు దీనికో ఉపాయం తట్టింది. ఆ యాంటీబాడీలను పట్టుకునే మరో యాంటీబాడీని కలిపితే? 1945లో మోరంట్, రేస్‌తో కలిసి దాన్ని ప్రకటించాడు. గర్భిణుల చీటీల మీద డాక్టర్లు రాసే ‘కూంబ్స్ టెస్ట్’ అదే. 1980ల్లో ఫ్రాన్స్‌లో ఈవ్ లాపియర్ ఈ పరీక్షలన్నిటినీ జెల్ నింపిన సన్నటి గొట్టాల్లోకి తెచ్చాడు. ముద్ద కట్టిన కణాలు జెల్ పైనే చిక్కుకుంటాయి, విడి కణాలు అడుగుకు జారతాయి. చూసేవాడి కంటి తేడాతో పొరపాటు జరిగే అవకాశం బాగా తగ్గింది.

మన దేశం నుంచి ఈ కథకు పెద్ద చేర్పు 1952లో వచ్చింది. ముంబై కేఈఎం ఆస్పత్రిలో వై.ఎం. భెండే బృందం కొందరి రక్తం చూసి ఆశ్చర్యపోయింది. పరీక్షలో ఓ గ్రూపులా కనిపిస్తుంది, కానీ ఓ గ్రూపు రక్తం కూడా సరిపడదు. ఎ, బిలకు పునాదిగా ఉండే హెచ్ పదార్థమే వాళ్ల కణాల మీద లేదు. ‘బాంబే గ్రూపు’గా అది ప్రపంచ ప్రసిద్ధి పొందింది. ఆ గ్రూపు వారికి మళ్లీ ఆ గ్రూపు వారే రక్తం ఇవ్వాలి. పలక మీది పరీక్ష ఒక్కదాన్నే నమ్మి ఓ గ్రూపు ఎక్కిస్తే ప్రాణానికే ప్రమాదం. పట్టిచ్చేది క్రాస్ మ్యాచింగే.

మన దేశంలో తొలి బ్లడ్ బ్యాంకు 1942లో కలకత్తాలో వచ్చింది. తర్వాత దశాబ్దాల్లో డబ్బు తీసుకుని రక్తం ఇచ్చేవాళ్ల మీద ఆధారపడడం పెరిగింది. ఎయిడ్స్ వచ్చాక ఆ పద్ధతి ఎంత ప్రమాదమో తెలిసొచ్చింది. 1996లో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పుతో 1998 జనవరి 1 నుంచి రక్తం అమ్మకంపై నిషేధం అమల్లోకి వచ్చింది. ఇప్పుడు ప్రతి యూనిట్‌కీ హెచ్‌ఐవీ, హెపటైటిస్ బి, హెపటైటిస్ సి, సిఫిలిస్, మలేరియా పరీక్షలు తప్పనిసరి. ఇక లాండ్‌స్టీనర్ పుట్టినరోజు జూన్ 14ను ప్రపంచమంతా రక్తదాతల దినోత్సవంగా జరుపుకుంటోంది.

గుర్తించిన గ్రూపు వ్యవస్థలు ఇప్పటికి 40 దాటాయి. అందుకే ‘గ్రూపు కార్డు ఉంది కదా, మళ్లీ శాంపిల్ ఎందుకు’ అని ఆస్పత్రిలో విసుక్కోకండి. ఆ ఆలస్యం మీ మనిషి ప్రాణం కోసమే. ఇంట్లో ఆర్‌హెచ్ నెగటివ్ ఆడపిల్ల ఉంటే, గర్భం వచ్చిన వెంటనే డాక్టరుకు ఆ సంగతి చెప్పండి. బిడ్డ పాజిటివ్ అయితే కాన్పయిన 72 గంటల్లోపు, గర్భస్రావమైనా అంతే వ్యవధిలో, తల్లి ఒంట్లో బిడ్డ రక్తానికి ఎదురు యాంటీబాడీలు పుట్టకుండా ఆపే యాంటీ-డి ఇంజెక్షన్ పడేలా చూడండి.