బొబ్బర్లంక పులస వేట

గోదావరి చరిత్రమును వ్రాసినవారు రాజులను గూర్చి వ్రాసిరి. పుష్కరములను గూర్చి వ్రాసిరి. ఆనకట్టను గూర్చి విశేషముగా వ్రాసిరి. ఆ నదిలో వలవేసి బ్రతికినవారిని గూర్చి వ్రాసినది మిక్కిలి స్వల్పము. ఆ లోపమును కొంతయైనను తీర్చు తలంపుతో బొబ్బర్లంకను గూర్చి నాలుగు మాటలు చెప్పబూనితిమి.

గోదావరి పాయలుగా చీలుచోట, ధవళేశ్వరమునకు ఎదుట, కోనసీమకు తలవాకిలి వలె నున్న చిన్న యూరు బొబ్బర్లంక. వానకాలమున ఈ పేరు వినగానే గోదావరి జిల్లాలవారికి స్ఫురించునది పులస. కడలిలో నున్నంతకాలము ఆ చేపను విలస యందురు. వరదల ఎర్రనీరు సముద్రమున కలియగానే అది గ్రుడ్లు పెట్టుటకై ఏటికెదురీది వచ్చును. తీయనీటిలో ఈదినకొలది దానికి రుచి హెచ్చునని మత్స్యకారుల మాట. అప్పుడది పులస యగును. పుస్తెలమ్మియైనను పులస తినవలెనను సామెత దానిని గూర్చినదే.

ఆ చేప బొబ్బర్లంక దగ్గరనే ఏల విరివిగా దొరకెను? ఇందులకు సమాధానము ఆనకట్ట చరిత్రమున కలదు. 1833 నాటి కరవు, 1839 నాటి తుపాను గోదావరి సీమను క్రుంగదీసినవి. అటుపిమ్మట ఆర్థర్ కాటన్ దొరగారి యాజమాన్యమున 1847లో ఆరంభమైన ఆనకట్ట 1852 నాటికి పూర్తియయ్యెను. ఎండిన నేలలు మాగాణులైనవి. ఆ మేలును మరువరాదు; డెల్టా రైతు మరువలేదు కూడ. ఊరూర నిలిచిన కాటన్ విగ్రహములే అందుకు సాక్షి.

కాని పొలమునకు నీరిచ్చిన గోడయే చేపకు దారి మూసెను. అంతకు పూర్వము పులస పై రేవులకును పోవుచుండెను. ఎగువ బెస్తలకును దానిలో పాలుండెను. గోడ లేచిన పిదప చేప దాని పాదముననే ఆగి గుంపుగూడెను. ఎగువ వలలు వెలవెలబోగా దిగువ వలలు నిండినవి. బొబ్బర్లంక ప్రసిద్ధిలో కొంత ఈ గోడ పెట్టిన భిక్షయే యని మేము తలంచుచున్నాము. అట్టి భిక్ష శాశ్వతము కాదు. గ్రుడ్లు పెట్టు తావు చేరలేని చేప సంతతి ఎట్లు పెరుగును? నదులకు అడ్డముగా కట్టిన ఆనకట్టలు వలసచేపలకు చేయు హానిని గూర్చి ఫ్రాన్సిస్ డే అను మత్స్యశాస్త్రజ్ఞుడు 1873లోనే ప్రభుత్వమునకు నివేదించెను. పాత ఆనకట్టకు బదులుగా 175 తలుపులతో నూతన బ్యారేజి 1982లో పూర్తియైనది.

నేడు పులస అరుదైనది. ఒక్కొక్క చేప వేలరూపాయలు పలుకుచున్నది. ధర పెరిగినంతమాత్రమున మత్స్యకారుని బ్రతుకు పెరిగినదనుట పొరపాటు. రాత్రియంతయు పడవపై మేల్కొని వట్టివలతో ఒడ్డు చేరువారే పెక్కురు. పైగా వలలో పడునది గ్రుడ్లతో వచ్చిన తల్లిచేప. దానిని పట్టినగాని ఈ యేడు గడవదు. విడిచినగాని వచ్చు యేడు గడవదు. ఈ చిక్కును ఆ యూరివారొక్కరే విప్పలేరు. చేపకు దారి చూపుటయు, వేట మానిన దినములకు కూలి కట్టియిచ్చుటయు నదివలన లాభించిన వారందరి బాధ్యత.

నీటి రంగు చూచి చేప రాకను చెప్పగల వృద్ధులు ఆ రేవులందు ఇంకను కొందరు కలరు. వారి నోట నున్న చరిత్రమును వ్రాసిపెట్టుకొనుట మనకు తక్షణ కర్తవ్యము. రాళ్లకు శాసనములున్నవి; వలలకు లేవు.